మోతిగానితో పాతబస్తీ చలికాలం



పత్తి ఏరుడు ఆఖరుకొచ్చింది, యాసంగి నాట్లు నడుస్తున్నయి. ఎవరికీ తీరిక లేదని తెలుసు. రాత్రి పూట మోటరు కాడ మడికి నీళ్లు పారుతుంటె కూసుంటరు గదా, అప్పుడు చదువుకోండి. ఇది పంట ముచ్చట కాదు, ధర ముచ్చట కాదు. ఈ చలికాలం మా కుక్కను వెంటబెట్టుకొని హైదరాబాద్ పాతబస్తీల తిరిగిన ముచ్చట. "పనీ పాటా లేదా నీకు" అని నవ్వేటోళ్లు నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి. మీ ఇండ్లల్ల గూడ ఇట్లాంటి కుక్క ఒకటి ఉండే ఉంటది.

మా మోతిగానికి పదకొండేండ్లు. జాతి కుక్క ఏం కాదు, మన ఊరి కుక్కనే. చేవెళ్ల దిక్కు మా చేన్ల మంచె కింద పెరిగిండు. కుక్కకు పదకొండేండ్లంటే మన లెక్కల డెబ్బై దాటినట్టే. తొమ్మిది పంటలకు కావలి కాసిండు. పల్లికాయ పెట్టిన ఏడు, మక్క పెట్టిన ఏడు అడవి పందులు ఎట్లొస్తయో మీకు నేను చెప్పేదేముంది. ఒక్క రాత్రిల అర ఎకరం మక్క చేను పండబెట్టి పోతయి. సోలార్ కంచె వేసిన, పాత చీరెలు కట్టిన, రాత్రంతా మైకుల అరుపులు పెట్టిన. అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది మోతిగాని గొంతే.

ముందటి చలికాలం ఒక పంది వాణ్ణి తిప్పి కొట్టింది. వెనుక కాలు తొడ కాడ చీలిపోయింది. మండలంల పశువుల డాక్టరు పద్నాలుగు కుట్లు వేసిండు. బతికిండు గాని ఆ కాలు ఈడుస్తడు. ఒక కన్నుకు పొర వచ్చింది. చలి పెడితే పొద్దున లేవడానికి ఐదు నిమిషాలు పడుతది. ఇగ చేనుకు కావలి వానితోని కాదు, కొత్త కుక్కపిల్లను తెచ్చి పెంచుతున్నం.

అప్పుడు ఊర్ల నలుగురు నాలుగు మాటలన్నరు. "ఇంకెందుకు దానికి బువ్వ దండుగ" అన్నోడు ఒకడు. "పట్నం పోయేటప్పుడు ఆటోల ఎక్కించుకపోయి ఏ రోడ్డు మీదనో దింపి రా, అక్కడ హోటళ్ల కాడ బతుకుతది" అన్నోడు ఇంకొకడు. ఈ రెండో మాట మనం అందరం విన్నదే. మనల్ల కొందరు చేస్తున్నదే. ఆ మాట మీదనే ఈ పోస్టు రాయాలె అనిపించింది. నేను మోతిగాన్ని ఆటోల ఎక్కించుకొని పట్నం పోయిన మాట నిజమే. కాని దింపి రాలేదు. చలికాలమంతా తిప్పి తిప్పి మళ్ల వెంటనే తీసుకొచ్చిన.

మాది కూరగాయల బండి. కొత్తిమీర, మెంతి, పాలకూర వేస్తం. చలికాలం ఆకుకూర మస్తు వస్తది, ధర మస్తు పడిపోతది, అది వేరే ఏడుపు. శనివారం రాత్రి కట్టలు కట్టి, ఆదివారం తెల్లారుజామున మూడు గంటలకు ట్రాలీ ఆటోల బయలుదేరుతం. బీజాపూర్ రోడ్డు మీద మర్రి చెట్ల కింద నుంచి పోయి, పురానాపూల్ దిక్కు మూసీ దాటి, మీర్ ఆలం మండికి చేరుకుంటం. మా బిడ్డను గౌలిపురల ఇచ్చినం. సరుకు అమ్ముడుపోయినంక బిడ్డ ఇంట్ల ఆదివారం ఉండి, సోమవారం పొద్దుగాల ఊరికి తిరుగుడు. నవంబరు ఆఖరు నుంచి సంక్రాంతి దాటేదాకా మోతిగాడు నా పక్క సీట్ల కూసొని వచ్చిండు.

బిడ్డ ముందే షరతులు పెట్టింది. "నాయినా, తోలుకొస్తే తోలుకరా. కాని రేబిస్ టీకా కార్డు చూపించాలె, మెడకు పట్టా, చేతిల గొలుసు ఉండాలె, గల్లీల రొచ్చు చేస్తే నువ్వే ఎత్తాలె" అన్నది. మొదటి రెండిటికి నాకు కష్టం లేదు. మూడోదానికి జర సిగ్గయింది. పొలంల ఎవరు ఎత్తుతరు? కాని పాతబస్తీ గల్లీ అంటె రెండు గజాల వెడల్పు, ఇండ్ల గడపలు రోడ్డు మీదనే ఉంటయి, పిల్లలు అక్కడ్నే ఆడుకుంటరు. పాత పేపరు, ప్లాస్టిక్ కవరు జేబుల పెట్టుకొని పోయిన. రెండో ఆదివారానికి సిగ్గు పోయింది.

ఇగ కుక్కను తిప్పడానికి చలికాలమే ఎందుకు అంటె దానికి కారణముంది. మనకు ఒంటినిండ చెమట పడుతది, కుక్కకు అట్ల పట్టదు. పాదాల కాడ కొద్దిగ పడుతది. మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పుతనే పోవాలె. దాని ఒంటి వేడి మామూలుగనే 38, 39 డిగ్రీలుంటది, మనకన్నా ఎక్కువ. ఎండాకాలం తారు రోడ్డు మీద నడిపిస్తే పాదాలు కాలుతయి, ముసలి కుక్కయితే వడదెబ్బకు పడిపోతది. చలికాలం పొద్దున, సాయంత్రం ఎంత నడిచినా అలసట రాదు. కాని ముసలి కీళ్లకు చలి పడదు. అందుకని మా ఇంటామె యూరియా సంచి లోపల పాత దుప్పటి ముక్క పెట్టి కుట్టి, వాని వీపుకు కట్టింది. ఆ యూరియా సంచి వేసుకొని మోతిగాడు చార్మినార్ కింద నిలబడితే పిల్లలు ఫోటోలే ఫోటోలు.

మీర్ ఆలం మండిల తెల్లారుజామున ఇసుక వేస్తే రాలదు. అక్కడ కుక్కను కిందికి దింపలేదు, ఆటోలనే గోనె మీద పండబెట్టిన. సరుకు దిగి, లెక్క అయిపోయేసరికి ఐదున్నర. మండి నుంచి చార్మినార్ నడిచిపోయే దూరమే. ఆ టైములో చార్మినార్ చూడనోళ్లు ఒక్కసారి చూడాలె. పగటి పూట గాజుల కోసం పోయి చూసిన చార్మినార్ వేరు, చలి మంచుల, ఖాళీ రోడ్డు మీద, మసీదుల దీపాల మధ్య కనబడే చార్మినార్ వేరు. 1591ల కులీ కుతుబ్ షా కట్టించింది, మీకు తెలిసిందే. నాలుగు దిక్కులా ఉన్న గడియారాలు మాత్రం 1889ల పెట్టినయి. నేను తలెత్తి గడియారం చూస్తుంటె, మోతిగాడు తల దించి రాళ్లు వాసన చూసుకుంట తిరిగిండు. వాని లెక్కల అక్కడ ఎన్ని వార్తలున్నయో!

లోపలికి, మెట్ల మీదికి కుక్కను తీసుకపోవద్దు. అది పురావస్తు శాఖ వాళ్ల కట్టడం, జంతువులను రానియ్యరు. రానియ్యకపోవుడు న్యాయమే. చుట్టూ రాళ్లు పరిచిన జాగాల, బండ్లు రాని చోట, నడిస్తే చాలు. 2021 అక్టోబరుల ఆదివారం సాయంత్రాలు అక్కడ బండ్లు ఆపి జనం కోసం పాటలు, ఆటలు పెట్టిండ్రు. అట్లాంటి సందడి ఉన్న సాయంత్రం కుక్కను తేవద్దని నా మాట. డప్పు, మైకు, బుగ్గలు పగిలే చప్పుడు దానికి పండుగ కాదు, భయం. మన పండుగ వేరు, దాని పండుగ వేరు. దానికి ఖాళీ రోడ్డే పండుగ.

చార్‌కమాన్ దిక్కు పోతుంటె ఒక చాయ్ హోటల్ తెరిచి ఉంటది. బయట బల్ల మీద ఒక ముసలాయన రోజూ కూసుంటడు, తెల్లగడ్డం, ఉన్ని టోపీ. మొదటి వారం నేను మోతిగాన్ని దూరంగనే ఆపి, గొలుసు దగ్గరికి పట్టుకొని నిలబడ్డ. ఎందుకంటె తెల్లారి నమాజుకు పోయేటోళ్లు, వచ్చేటోళ్లు ఆ దారిలనే నడుస్తరు. కుక్క నోరు బట్టలకు తగిలితే కడుక్కోకుండ నమాజు చెయ్యరు వాళ్లు. మన ఇంట్ల మడి కట్టుకున్న అమ్మమ్మ దగ్గరికి కుక్క వస్తే ఎట్ల ఉంటదో అట్లనే అనుకోండి. దీంట్ల కోపం తెచ్చుకునేదేం లేదు. మనమే ఒక పక్కకు జరిగితే సరిపోతది. మసీదు ముంగట నుంచి కాకుండ చుట్టు తిరిగి పోయిన రోజులు గూడ ఉన్నయి.

ఆ ముసలాయన రెండో వారం నన్ను గుర్తుపట్టి అడిగిండు. "క్యా పటేల్, బుడ్ఢా హోగయా క్యా యే?"

"హౌ చాచా, గ్యారా సాల్ కా హై" అన్న. కాలు చూపించి పంది ముచ్చట చెప్పిన.

ఆయన లోపల పిలగాణ్ణి పిలిచి పాత డబ్బా మూతల నీళ్లు పెట్టించిండు. తాను మాత్రం దగ్గరికి రాలేదు, ముట్టుకోలేదు. మోతిగాడు గటగట తాగుతుంటె దూరం నుంచి చూసిండు. దప్పిక మీదున్న కుక్కకు బావిల దిగి నీళ్లు తోడి తాపిన మనిషి పాపాలు దేవుడు మాఫ్ చేసిండని వాళ్ల దాంట్ల ఒక కథ ఉన్నదట, అది చెప్పిండు. నేను ధర్మరాజు ముచ్చట చెప్పిన. వెంట నడిచిన కుక్కను విడిచిపెట్టి స్వర్గానికి రానని మన భారతంల నిలబడలేదా ఆయన? చాచా తల ఊపి, "జాన్ తో జాన్ హై" అన్నడు. ప్రాణమంటె ప్రాణమే గదా. ముట్టుకోకుండ గూడ దయ చూపించవచ్చు. ముట్టుకోవాలె అని మనం జబర్దస్తీ చెయ్యొద్దు. అంతే లెక్క.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ డబ్బా మూత మాకోసం గోడ పక్కన ఉండేది.

తిండి ముచ్చట గూడ చెప్పాలె. చలికాలం తెల్లారి పాతబస్తీల నహారీ, పాయా మరుగుతుంటది. ఆ వాసనకు మనిషికే నోరూరుతది, కుక్క సంగతి చెప్పేదేముంది. చూసినోళ్లు ప్రేమతోని బొక్క వేస్తరు. చేతులు జోడించి వద్దని చెప్పండి. ఉడికిన బొక్క పెళుసెక్కి సూదుల్లెక్క పగులుతది, గొంతుల, పేగుల గుచ్చుకుంటది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన కూర గూడ కుక్కకు మంచిది కాదు, రక్తం దెబ్బతింటది. ద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. మోతిగానికి ఇంటి నుంచి జొన్న రొట్టె, ఉప్పు లేకుండ ఉడకబెట్టిన గుడ్డు మూట కట్టుకొని పోయిన. నేను చాయ్‌ల ఉస్మానియా బిస్కెట్ ముంచుకొని తింటుంటె వాడు చూసిన చూపుకు ఒక్క చిన్న ముక్క పెట్టిన, అబద్ధమెందుకు.

లాడ్‌బజార్ పక్కనే మహబూబ్ చౌక్ ఉన్నది. అక్కడ గడియారం స్తంభం 1892 నాటిది. జనం నోట్ల దాని పేరు ముర్గీ చౌక్. కోళ్లు, పావురాలు, రంగు రంగుల పిట్టలు అమ్ముతరు. మన రైతులు జాతి కోళ్లు చూడడానికి తప్పకుండ పోయే చోటు. అక్కడికి మోతిగాన్ని తీసుకపోలేదు. బిడ్డ ఇంట్ల కట్టేసి నేనొక్కణ్ణే పోయిన. గంపల కింద బెదిరిన కోళ్లు, పక్కన కుక్క, ఎందుకా తమాషా? అమ్ముకునేటోని పొట్టకు దెబ్బ, కోడికి దడ. కుక్కను ఎక్కడికి తీసుకపోవాలె అన్నది సగం తెలివయితే, ఎక్కడికి తీసుకపోవద్దు అన్నది మిగతా సగం.

నాకు, మోతిగానికి ఇద్దరికీ నచ్చిన జాగ మీర్ ఆలం చెరువు. ఆదివారం మూడు గంటలకు, చలి ఎండల, అల్లుడు ఆటోల దింపేది. మనుమరాలు గూడ వచ్చేది. రైతులు ఈ చెరువు కట్టను చూసి రావాలె. మన ఊరి కట్ట మట్టిది, తిన్నగ ఉంటది. ఇది అట్ల కాదు. 1800ల మొదట్ల, నిజాం దివాను మీర్ ఆలం పేరు మీద రాయితోని, సున్నంతోని కట్టింది. ఇరవై ఒక్క కమాన్లు పక్కపక్కన నిలబెట్టిండ్రు. ఒక్కొక్క కమాను నీళ్ల దిక్కు ఉబ్బి ఉంటది. నీళ్లు నెట్టినకొద్దీ కమాను రాళ్లు ఒకదానికొకటి ఒత్తుకొని బిగుస్తయి, బరువు రెండు పక్కల ఉన్న గోడల మీదికి పోతది. సిమెంటు లేని కాలంల కట్టింది రెండు వందల ఏండ్ల నుంచి నిలబడ్డది. గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టేదాకా పట్నానికి తాగునీళ్లు దీంట్ల నుంచే పోయినయి.

పక్కనే జూ పార్కు ఉన్నది, 1963ల తెరిచిండ్రు. అందుల పెంపుడు జంతువులను రానియ్యరు. రోగాలు అటు ఇటు అంటుకోవద్దని. పులి వాసన తగిలిందో ఏమో, గాలి అటు నుంచి వీచినప్పుడల్లా మోతిగాడు చెవులు నిలబెట్టి గుర్రుమనేటోడు. ముసలితనం వచ్చినా కావలి బుద్ధి పోలేదు. చెరువు ఒడ్డున నీళ్లల్ల తెల్ల కొంగలను చూసి ఒక్కసారి ఉరకబోయిండు, కాలు గుర్తుకొచ్చి ఆగిండు. మనుమరాలు వాని పక్కన కూసొని, "తాతా, మోతి ఇప్పుడు రిటైరయ్యిండా?" అని అడిగింది. అవునన్న. "మరి పింఛను ఏది?" అన్నది. ఆ పిల్లకు ఐదేండ్లు. నా దగ్గర జవాబు లేదు గాని, ఈ తిరుగుడే వాని పింఛను అనుకున్న.

డిసెంబరు 31 రాత్రి పటాకుల చప్పుడు ఉంటదని ముందే తెలుసు కాబట్టి ఆ రాత్రి వాణ్ణి లోపలి అర్రల పండబెట్టి, కిటికీలు మూసి, రేడియో పెట్టి, నేను పక్కన పండుకున్న. సాయంత్రమే తిప్పి తెచ్చిన. పటాకులకు బెదిరి గొలుసు తెంపుకొని తప్పిపోయే కుక్కలు అట్లాంటి రాత్రే ఎక్కువ. మెడపట్టాకు ఫోన్ నంబరు రాసిన రేకు ఒకటి కట్టించండి, ఖర్చు చాలా తక్కువ.

జనవరి ఒకటి నుంచి నాంపల్లిల నుమాయిష్. ఫిబ్రవరి 15 దాకా ఉంటది. పాతబస్తీ నుంచి మూసీ దాటితే దగ్గరనే. 1938ల ఉస్మానియా పట్టభద్రులు బాగ్-ఎ-ఆమ్‌ల పది రోజుల కోసం మొదలుపెట్టిండ్రు, 1946 నుంచి ఇప్పుడున్న మైదానంల జరుగుతున్నది. కాశ్మీరు శాలువల నుంచి చెరుకు రసం గానుగ దాకా అన్నీ ఉంటయి. ఇంటిల్లిపాది పోయినం, మోతిగాన్ని ఇంట్లనే ఉంచినం. కాళ్ల నిండ జనం, పైన గుండ్రంగ తిరిగే రాట్నం చప్పుడు, కింద చిన్న పిల్లలు. కుక్కకు ఆనందం లేదు, జనానికి భద్రత లేదు. తిరిగొచ్చినంక రాత్రి పదకొండింటికి, నిద్రపోయిన గౌలిపుర గల్లీల వానితోని ఒక చుట్టు తిరిగిన. నా నుమాయిష్ అయిపోయింది, వాని నుమాయిష్ అప్పుడు మొదలైంది.

ఇగ సంక్రాంతి. పతంగుల కోసం గుల్జార్ హౌజ్, ధూల్‌పేట దిక్కు దుకాణాలు నిండిపోతయి. ఆ మూడు రోజులు పాతబస్తీ ఆకాశం నిండ రంగులే. హిందువుల మిద్దెలు, ముసల్మాన్ల మిద్దెలు అన్న తేడా ఉండదు, పేంచ్ పడితే అందరూ ఒక్కటే కేక. చూడడానికి రెండు కండ్లు చాలవు. కాని కుక్కలు పెంచేటోళ్లకు అది భయమున్న పండుగ. నైలాన్ మాంజా తెగదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017ల దేశమంతట నిషేధించింది, అయినా దొంగచాటుగ దొరుకుతున్నది. పిట్టల రెక్కలు తెగుతయి, బండి మీద పోయేటోని గొంతు తెగుతది. నూలు దారానికి గాజుపొడి పూసిన పాత మాంజా గూడ కోస్తది, కాని తెగుతది, మట్టిల కలుస్తది. నైలాన్ది ఏండ్లు ఏండ్లు పడి ఉంటది.

అందుకని ఆ మూడు రోజులు మోతిగాన్ని మిద్దె ఎక్కనియ్యలేదు. పైకి చూసుకుంట వెనకకు నడిచే పిల్లల కాళ్లల్ల కుక్క ఉంటె ఇద్దరికీ ముప్పు. గల్లీల తిప్పే ముందు నేను, మనుమరాలు ఇద్దరం వంగి దారాలు ఏరినం, కట్టెకు చుట్టుకుంట పోయినం. ఒక్క గల్లీల పిడికెడు ఉండ అయింది. మమ్మల్ని చూసి పక్కింటి పిల్లలు గూడ ఏరుడు షురూ చేసిండ్రు. ఎవరు ఎక్కువ ఏరితే వాళ్లకు ఒక పతంగి అని పందెం పెట్టిన. సాయంత్రానికి కొబ్బరికాయంత ఉండ. కనుమ నాడు మనం ఎడ్లను కడిగి పసుపు కుంకుమ పెడతం. ఈసారి ఆ బొట్టు మోతిగానికి పెట్టింది మనుమరాలు. వాడు గూడ పంట కాసినోడే గదా.

ఇప్పుడు అసలు మాట. రాత్రి పూట ఆ గల్లీల తిరిగినప్పుడు వీధి కుక్కలు గుంపుగ వచ్చేటివి. చేతిల కట్టె పట్టుకొని, మోతిగాన్ని గోడ దిక్కు పెట్టుకొని, ఉరకకుండ మెల్లగ నడిచిన. ఆ కుక్కలల్ల ఒకటి రెండిటి మెడల తాడు తెగిన గుర్తు కనబడ్డది. అంటె ఒకప్పుడు ఎవరింటియో. ఏ ఊరియో, ఏ చేనుకు కావలి కాసినయో! మనం "పట్నంల దింపి రా" అంటం గదా, దింపినంక కథ ఇది. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల నాలుగేండ్ల పిలగాణ్ణి వీధి కుక్కలు చంపినయి. ఆ పిల్లవాని తండ్రి గూడ బతుకుదెరువుకు ఊరు విడిచి వచ్చినోడే, వాచ్‌మన్ పని చేసుకునేటోడు. పట్నంల కుక్కలు పెరుగుడుకు చెత్త, ఆపరేషన్లు సరిగ జరగకపోవుడు, ఎన్నో కారణాలున్నయి. మన చేతిల లేనియి మస్తున్నయి. కాని మన ఇంటి కుక్కను ఆ గుంపుల కలపకపోవుడు మాత్రం మన చేతిలనే ఉన్నది. పెంచిన జంతువును ఆకలికి, దప్పికకు వదిలేసుడు 1960 నాటి జంతుహింస చట్టం ప్రకారం నేరం గూడ.

టీకా సంగతి గూడ ఈ సందర్భంల చెప్పాలె. రేబిస్ లక్షణాలు బయటపడ్డంక మనిషైనా, కుక్కైనా బతుకుడు దాదాపు ఉండదు. కాని టీకాతోని ఆపవచ్చు. పాశ్చర్ 1885 జులై 6న మొదటి మనిషికి ఈ టీకా వేసిండు. ఆ గుర్తుగనే ఏటా జులై 6న మన పశువుల దవాఖానల్ల కుక్కలకు ఉచితంగ టీకాలు వేస్తరు. వానాకాలం విత్తనాల టైం, పని ఉంటది, నిజమే. అయినా ఆ ఒక్క పూట తీసుకపోండి. పిల్లకు మూడు నెలలకు మొదటి టీకా, డాక్టరు చెప్పినట్టు బూస్టరు, తర్వాత ఏడాదికొకటి.

ఎవరినన్న కుక్క కరిస్తే కారం, సున్నం, ఆకు పసరు పెట్టొద్దు. సబ్బు పెట్టి, ధారగ పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు పోవాలె. పట్నంల అయితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడల ఐపీఎం ఉన్నయి.

మీరు గూడ పోవాలనుకుంటె నేను నేర్చుకున్నయి ఇవి:

పొద్దున ఐదున్నర నుంచి ఏడు, లేదంటె సాయంత్రం ఎండ పోకముందు. మధ్యల జనం, బండ్లు ఎక్కువ.

గొలుసు పొట్టిగ పట్టండి. కరిచే బుద్ధి ఉన్న కుక్కకు ఎడ్ల చిక్కం లెక్క మూతికి కట్టేది దొరుకుతది, అది కట్టండి.

పోయే ముందు, వచ్చినంక గోమార్లు, పిడుదులు చూడండి. పాదాల వేళ్ల మధ్యల గాజు ముక్కలు, దారాలు చూడండి.

ముసలి కుక్కను అరగంట నడిపిస్తే పది నిమిషాలు కూసోబెట్టండి. అది అడగదు, మనమే చూసుకోవాలె.

ఎదురొచ్చే మనిషి జరిగితే మీరు ఇంకో రెండడుగులు జరగండి. భయం ఉన్నోళ్లు ఉంటరు, పట్టింపు ఉన్నోళ్లు ఉంటరు. ఒక్కసారి మర్యాద చూపిస్తే మళ్ల వారం వాళ్లే పలకరిస్తరు.

ఖర్చు లెక్క అడిగేటోళ్లకు చెప్తున్న. కూరగాయల బండి ఎట్లైనా పోవాల్సిందే, డీజిల్ అదే. టీకా, పట్టా, గొలుసు, రొట్టెలు, గుడ్లు అన్నీ కలిపితే ఒక బస్తా డీఏపీ ధర కాలేదు. తొమ్మిది పంటల కావలికి అది ఎక్కువనా, తక్కువనా, మీరే లెక్కకట్టుకోండి.

పోయిన సోమవారం పశువుల డాక్టరు మోతిగాన్ని చూసిండు. గుండె చప్పుడు బలహీనపడ్డది అన్నడు. ఇంకో చలికాలం చూస్తడో లేదో చెప్పలేనన్నడు. ఇంటామె ఆ రోజు రొట్టెల మీద కొద్దిగ నెయ్యి ఎక్కువ రాసింది, ఏం మాట్లాడలేదు. ఈ ఆదివారం గూడ పాలకూర బండి ఉన్నది. పక్క సీట్ల గోనె పరిచే ఉన్నది. ఎక్కగలిగితే వస్తడు, ఎక్కలేకపోతే ఎత్తి కూసోబెడత.

మీ చేన్ల గూడ పని అయిపోయిన మోతిగాడో, టైగరో, రాజుగాడో ఉంటె, వాడు ఎన్ని పంటలు కాసిండో కింద రాయండి. ఫోటో ఉంటె పెట్టండి. అందరం చూస్తం.

ఉంటా మరి. మోటరు బందు చేసే టైమైంది.